ముందు పోసే బోల్టు

రావులపాలెం ఫ్లైఓవరు పక్కన జక్రయ్య షెడ్డు.
మధ్యాహ్నం రెండు. రేకుల మీద ఎండ చిటపటమంటోంది.
గుంత మీద నా పాత కాంటెస్సా,
దాని పొట్ట కింద జక్రయ్య.
మాట మాత్రం పైకొస్తోంది:

"ముందు పోసే బోల్టు విప్పాలండి, కార్చేది తర్వాత.
అంతా కార్చేశాక పైది పట్టేసి రాలేదనుకోండి,
బండి ఇక్కడే కాపురం పెట్టుద్ది."

పోయిన నెల, మద్రాసు అవతలి ట్రాకులో
ఆరో చుట్టుకే వెనక నుంచి గంధకం కంపు.
ఊపిరి గొట్టంలోంచి నురగ కక్కుకుని
ఇరుసంతా నల్లగా కారింది.
ఏడో చుట్టులో, మలుపు నడుమ,
లోపలి చక్రం ఒట్టినే తిరిగింది
పొగ పెట్టుకుంటూ, నాతో పనిలేనట్టు.

బోల్టు ఊడింది. కొసన అయస్కాంతం.
దానికి పట్టిన బూడిదరంగు ముద్దని
రెండు వేళ్ల మధ్య నలిపాడు జక్రయ్య,
వెలుతురుకి పెట్టి చూశాడు.
"పిండిలా ఉంది. పర్లేదండి.
రవ్వ తగిలితే ఏడవాలి."

బల్ల మీద నేను తెచ్చిన డబ్బాలు రెండు.
ఒకటి తొంభై నంబరు, అందరూ పోసేదే.
రెండోది సింథటిక్, డెబ్భై అయిదు నూట నలభై,
లీటరు ధరకి బియ్యం బస్తా వచ్చేది.
మూలన జక్రయ్య నీలం పీపా:
కోతల్లో ట్రాక్టర్లన్నిటికీ అదే తిండి.

"దీన్నే పొయ్యకూడదా?" అన్నాను, సగం ఆశగా.
"ట్రాక్టరు పరిగెడుద్దేటండి? దాని నూనె కాగదు.
మీది కాగుద్ది. కాగినప్పుడు ఎలా ఉంటదో చూడాల."

ఇనప రేకుని గ్యాసు మంట మీద పెట్టి
రెండు డబ్బాల్లోంచీ చెరో చుక్క వేశాడు.
తొంభై నీళ్లయిపోయి అంచు దాటింది.
రెండోదాన్ని పుల్లతో ఎత్తితే
సన్నగా, తెగకుండా, తీగపాకం.
అరిసెలకి పాకం చూసే మా పిన్ని
ఈ షెడ్డులో ఉద్యోగానికి పనికొస్తుందనుకున్నాను.

అప్పుడు చెప్పాడు, చేతులు తుడుచుకుంటూ:
"మొన్న వానకి లంకలో ఇటుకల లారీ దిగబడిందండి.
ఒక చక్రం బురదలో, ఒకటి గట్టి నేల మీద.
ఇంజను ఎంత గోల పెట్టినా
బలమంతా బురదలో జారేవోడికే పోయింది.
గట్టిగా నిలబడ్డోడికి పైసా ముట్టలేదు."

పదకొండేళ్లుగా తణుకు పాలిటెక్నిక్కులో
ఇదే పళ్లచక్రాల బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను.
ఈ వాక్యం నాకెప్పుడూ దొరకలేదు.

"మీ దాంట్లో ప్లేట్లున్నాయి కాబట్టి నయం,
జారేవోణ్ణి కాస్త పట్టుకుంటాయి.
కానీ వాటికి ఉత్త నూనె పోస్తే మలుపులో గునుస్తాయండి.
ఈ చిన్న సీసా మందు కలపాల.
మొత్తం పోస్తే మాత్రం మరీ మెత్తబడి
అసలు పట్టుకోవడమే మానేస్తాయి."
"మరి ఎంత?"
"సగం. మిగతాది మీ చెవులు చెప్పాల."

సింథటిక్కే పోశాం. లీటరుంపావు పైచిలుకు.
చివర్లో నన్నే గుంతలోకి దిగి వేలు పెట్టమన్నాడు.
రంధ్రం అంచున చల్లగా, జిడ్డుగా తగిలి
ఒక్క చుక్క మణికట్టు దాకా జారింది.
"చాలు. బిగించండి. బలం చూపించకండి."

రాత్రి తొమ్మిదింటికి మార్కెట్ యార్డులో
ధాన్యం లారీలు రాకముందు
నడక వేగంతో ఎనిమిదులు చుట్టాను,
ఇటొక సున్నా, అటొక సున్నా,
నూనె ప్లేట్ల మధ్యకి ఇంకేదాకా.
వాచ్‌మన్ టార్చిలైటు వేసుకుంటూ వచ్చాడు.
"ఏం పారేసుకున్నారండి?"
ఏమీ లేదంటే నమ్మలేదు,
నా వెలుగు వెంట తనూ నేలంతా వెతికాడు.

పన్నెండో ఎనిమిదిలో వెనక గునుపు ఆగింది.
ఆగిందో, నా చెవులే అలవాటు పడ్డాయో.
మిగిలిన సగం సీసా పక్క సీట్లో దొర్లుతోంది.
జక్రయ్యకి ఫోను చేశాను.
ఎత్తలేదు.
ఇంకో ఎనిమిది మొదలుపెట్టాను.